‘మిగతావాళ్ళు’ ఆలౌట్: జట్టు ముందా, జనం ముందా?

1943 డిసెంబరు, బొంబాయి బ్రాబోర్న్ స్టేడియం, మతాల వారీగా ఐదు జట్లు ఆడే పెంటాంగ్యులర్ క్రికెట్ టోర్నమెంట్ ఫైనల్. హిందువులు 5 వికెట్లకు 581 దగ్గర డిక్లేర్ చేశారు. మిగతావాళ్ళు 133కే ఆలౌట్. ఫాలో ఆన్ ఆడి 387కి మళ్ళీ ఆలౌట్. ఇన్నింగ్స్ 61 పరుగుల తేడాతో హిందువులు గెలిచారు.

ఇందులో ‘మిగతావాళ్ళు’ అన్నది వెటకారం కాదు, ఆ జట్టు పేరే అది. ఇంగ్లిషులో ‘ది రెస్ట్’. యూరోపియన్లకు ఒక జట్టు, పార్సీలకు ఒకటి, హిందువులకు ఒకటి, ముస్లింలకు ఒకటి పంచేశాక క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లు, యూదులు, బౌద్ధులు మిగిలిపోయారు. వీళ్ళందరినీ 1937లో ఒక మూటగట్టి ఐదో జట్టు చేశారు. ప్రార్థన దగ్గర నుంచి పెళ్ళి భోజనం దాకా వీళ్ళకు ఉమ్మడిగా ఉన్నది ఏమీ లేదు, మిగతా నాలుగు జట్లలో చోటు దొరక్కపోవడం తప్ప.

ఆ 387లో విజయ్ హజారే ఒక్కడే 309 కొట్టాడు. మరాఠీ మాట్లాడే క్రైస్తవుడు. అవతలి ఎండ్‌లో సోదరుడు వివేక్ హజారే వికెట్‌కి కాపలా కాస్తూ నిలబడితే, ఇద్దరి మధ్య 300 పరుగుల భాగస్వామ్యం నడిచింది, అందులో వివేక్ వాటా 21. మ్యాచ్ పోయిందని మొదటి ఇన్నింగ్స్‌కే తేలిపోయింది కానీ, ఆ ఇన్నింగ్స్‌తో ‘ది రెస్ట్’ అనే పేరుకి ఒక ముఖం వచ్చింది. మిగిలిపోయినవాళ్ళ లిస్టుగా మొదలైంది ఆరేళ్ళలో మనవాళ్ళు అని చెప్పుకోగలిగే జట్టు అయిపోయింది.

ఆటలు సమాజానికి అద్దం అని మాట వరసకి అనేస్తుంటారు. అద్దం ఉన్నదాన్నే చూపిస్తుంది. బొంబాయి క్రికెట్ చరిత్ర చదివితే మాత్రం ఇంకో సంగతి తెలుస్తుంది: జనం ముందే గుంపులుగా ఉండి తర్వాత జట్లు కట్టుకున్నారన్నది సగం నిజమే. చాలాచోట్ల జట్టు ముందు వచ్చింది, ఆ జట్టు వెనకాల నిలబడటానికి జనం తర్వాత తయారయ్యారు. ఎన్ని జట్లు ఉండాలి, వాటి పేర్లు ఏమిటి అని నిర్ణయించింది ఎక్కువసార్లు ఆడేవాళ్ళు కాదు, గ్రౌండ్ కోసం స్థలం కేటాయించేవాళ్ళు.

మొదట క్రికెట్‌కి తగులుకున్నది పార్సీలు. బొంబాయి కోట దగ్గర సిపాయిలు, తెల్ల ఆఫీసర్లు ఆడుతుంటే చూసి పార్సీ కుర్రాళ్ళు నకలు ఆట మొదలుపెట్టారు. పొడుగు టోపీలు వికెట్లు, గొడుగులు బ్యాట్లు. పాత గుడ్డలు కుక్కి, పెద్దగా పనితనం లేని చెప్పులు కుట్టేవాళ్ళ చేత కుట్టించిన బంతులు, అవి గుండ్రంగా కూడా ఉండేవి కావట. ఈ వివరాలు పార్సీల్లోనే ఒకాయన తర్వాత రాసిపెట్టాడు. 1848లో ఓరియంటల్ క్రికెట్ క్లబ్ పెట్టుకున్నారు. 1886లో ఇంగ్లండ్ వెళ్ళి 28 మ్యాచ్‌లు ఆడి ఒకటే గెలిచి, 19 ఓడి వచ్చారు. 1888లో మళ్ళీ వెళ్ళారు, ఈసారి 31 ఆడి 8 గెలిచారు. ఎం.ఇ. పవ్రీ అనే డాక్టరు ఆ టూర్‌లో 170 వికెట్లు తీశాడు. 1890లో జి.ఎఫ్. వెర్నన్ జట్టు ఇంగ్లండ్ నుంచి వస్తే బొంబాయిలో దాన్ని ఓడించారు, అప్పుడూ పవ్రీయే, రెండు ఇన్నింగ్స్‌లో కలిపి 9 వికెట్లు. మొత్తం లెక్కేసినా పిడికెడు మంది ఉండే సమాజం అది. వ్యాపారంలో, చదువులో ఇంగ్లిషువాళ్ళకు దగ్గరగా ఉన్నామని చెప్పుకోవడానికీ, అదే సమయంలో వాళ్ళని వాళ్ళ ఆటలోనే కొట్టగలమని చూపించుకోవడానికీ క్రికెట్ ఒక్కటే రెండు పనులూ చేసిపెట్టింది. పార్సీలకు గుడి, పంచాయితీ ఎప్పటి నుంచో ఉన్నాయి. పదిమంది ముందు తల ఎత్తుకుని నిలబడే వేదిక మాత్రం మైదానమే ఇచ్చింది.

ఇక హిందువుల సంగతి. 19వ శతాబ్దం రెండో సగంలో బొంబాయిలో ‘హిందువు’ అనే పేరుతో కంటే కులం పేరుతో, ఊరి పేరుతో, భాష పేరుతో ఆడినవాళ్ళే ఎక్కువ. గౌడ సారస్వత్ క్రికెట్ క్లబ్, క్షత్రియ క్రికెట్ క్లబ్, గుజరాతీ యూనియన్, మరాఠా క్రికెట్ క్లబ్. ఈ వరసలోనే తెలుగు యంగ్ క్రికెటర్స్ అని ఒక క్లబ్బు కూడా ఉంది. అవును, బొంబాయిలో, నూట పాతికేళ్ళ కిందటే, తెలుగువాళ్ళమని చెప్పుకుని క్రికెట్ ఆడిన కుర్రాళ్ళున్నారు. పల్లెల నుంచి, దూరపు జిల్లాల నుంచి నగరానికి వచ్చినవాళ్ళకు ముందు కనబడేది భాష, కులం, ఎవరింట్లో భోజనం చేయొచ్చు అన్న లెక్క. క్లబ్బులూ అలాగే పుట్టాయి. ముస్లింలకు 1883లో మహమ్మదన్ క్రికెట్ క్లబ్ వచ్చింది, దాని వెనక త్యాబ్జీ కుటుంబం ఉంది.

మరి ఇన్ని రకాల క్లబ్బులు నాలుగైదు మత జట్లుగా ఎలా కుదించుకుపోయాయి? ఇక్కడే స్థలం గొడవ వస్తుంది.

1875లో యూరోపియన్లు బాంబే జింఖానా అనే ఆటల క్లబ్బు పెట్టుకున్నారు. భారతీయులకు సభ్యత్వం లేదు. వాళ్ళ క్రికెట్ గ్రౌండ్ వాళ్ళకుంది. అది చాలక, దేశీ కుర్రాళ్ళు ఆడుకునే మైదానానికి వచ్చి గుర్రాల మీద పోలో ఆడేవాళ్ళు. గుర్రాల గిట్టలు పడ్డ నేల మీద క్రికెట్ ఆడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, బంతి ఎటు లేస్తుందో బౌలర్‌కే తెలియదు. 1881లో దేశీ క్రికెటర్లు ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. అర్జీలు, జవాబులు, మళ్ళీ అర్జీలు, ఇలా కొన్నేళ్ళు సాగింది. ఒక్క విషయం గమనించాలి. ఆ ఫిర్యాదు పార్సీలదో హిందువులదో కాదు, తెల్లవాళ్ళు కాని ఆటగాళ్ళందరిదీ. మైదానం ఒకటే, నష్టం ఒకటే.

దానికి చివరికి దొరికిన పరిష్కారం మాత్రం వేరు వేరు స్థలాలు. సముద్రాన్ని పూడ్చి తీసిన కెన్నెడీ సీ ఫేస్ వెంబడి, అంటే ఇప్పటి మెరైన్ డ్రైవ్ దగ్గర, 1887లో పార్సీ జింఖానాకు జాగా ఇచ్చారు. అది చూసి ముస్లింలు అడిగారు, హిందువులు అడిగారు. అప్పటి గవర్నర్ లార్డ్ హారిస్ స్వయంగా ఇంగ్లండ్ క్రికెట్ కెప్టెన్‌గా చేసినవాడు. వీళ్ళని కాదనడం కుదరదనీ, ఒక్కో ‘జాతి’కి ఒక్కో జింఖానా ఏర్పడ్డాక ఇంకెవరికీ ఇచ్చేది లేదనీ తేల్చేశాడు. ఆఫీసు ఫైల్లో ఒక నోటు, అంతే. దానితో బొంబాయిలో ఎన్ని ‘జాతులు’ ఉన్నాయో లెక్క తేలిపోయింది. గౌడ సారస్వతులు, మరాఠాలు, గుజరాతీలు, తెలుగు యంగ్ క్రికెటర్స్, వీళ్ళలో ఎవరికీ సముద్రం ఒడ్డున జాగా రాలేదు. కావాలంటే అందరూ హిందూ జింఖానాలోకి రావాలి, లేదంటే మైదానంలో గుర్రాల గిట్టల మధ్య ఆడుకోవాలి. ఈ రోజుకీ మెరైన్ డ్రైవ్ మీద వెళ్తుంటే హిందూ, ఇస్లాం, పార్సీ జింఖానాలు వరసగా కనబడతాయి. చూడటానికి అందమైన పాత భవనాలే, కానీ అవి ఒక రకంగా ఆ నోటు తాలూకు సరిహద్దు రాళ్ళు.

టోర్నమెంట్ కూడా అదే అచ్చులో పెరిగింది. మొదట యూరోపియన్లు, పార్సీలు మాత్రమే ఆడిన ప్రెసిడెన్సీ మ్యాచ్‌లు, 1907 నుంచి హిందువులు కలిశాక ట్రయాంగ్యులర్, 1912లో ముస్లింలు చేరాక క్వాడ్రాంగ్యులర్, 1937లో ‘మిగతావాళ్ళు’ వచ్చాక పెంటాంగ్యులర్. ప్రతిసారీ ఒక కోణం పెరిగింది తప్ప, ఈ కోణాలు మతాన్ని బట్టే ఎందుకు ఉండాలని అడిగినవాళ్ళు చాలాకాలం పెద్దగా లేరు. జనం విరగబడి వచ్చేవాళ్ళు మరి.

ఇక్కడ పల్వంకర్ బాలు కథ చెప్పకుండా ముందుకు వెళ్ళడం కుదరదు, ఎందుకంటే ‘హిందూ జట్టు’ అన్నప్పుడు హిందువు అంటే ఎవరు అనే ప్రశ్న ఆయన చేతి వేళ్ళ నుంచి తిరిగిన బంతితోనే మొదలైంది.

బాలు చమార్ కులస్థుడు. తోలు పని చేసే కులం, అంటరానివాళ్ళంటూ ఊరు దూరం పెట్టిన కులం. పూనాలో పార్సీల క్రికెట్ గ్రౌండ్‌లో నెలకి 3 రూపాయల జీతానికి పిచ్ ఊడ్చి రోలర్ లాగే పనిలో చేరాడు. తర్వాత యూరోపియన్ల పూనా క్లబ్‌లో 4 రూపాయలు. అక్కడ నెట్స్‌లో తెల్ల దొరలకు బౌలింగ్ వేయమన్నారు. ఎడమ చేత్తో స్పిన్ వేసేవాడు. జె.జి. గ్రెగ్ అనే బ్యాట్స్‌మన్ తనను ఔట్ చేసినప్పుడల్లా 8 అణాలు ఇచ్చేవాడని చెబుతారు. గంటల తరబడి, నెలల తరబడి బంతులు వేయించుకున్నారు గానీ ఒక్కసారి కూడా అతని చేతికి బ్యాట్ ఇవ్వలేదు. బ్యాటింగ్ దొరల పని, బౌలింగ్ కూలి పని.

పూనా హిందువులకు యూరోపియన్లని ఓడించాలని ఉంది, ఊళ్ళో అందరికంటే మంచి బౌలర్ ఎవరో వాళ్ళకి తెలుసు. తీసుకోవాలా వద్దా అని జట్టులో పెద్ద చర్చ జరిగింది. మరాఠీ బ్రాహ్మణ ఆటగాళ్ళు కొందరు వద్దంటే, జట్టులోని తెలుగు సభ్యులు కొందరు తీసుకోవాలని పట్టుబట్టారని చెబుతారు. చివరికి తీసుకున్నారు. తీసుకుని ఏం చేశారంటే, మైదానంలో బాలు ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకున్నారు, క్యాచ్ పట్టారు, తిరిగి విసిరారు. టీ విరామంలో మాత్రం లోపల పింగాణీ కప్పుల్లో టీ తాగుతుంటే బాలుకి పెవిలియన్ బయట మట్టి ముంతలో పోశారు, తాగి పారేసేది. భోజనానికి వేరే పళ్ళెం, వేరే బల్ల. మొహం కడుక్కోవాలంటే నీళ్ళు పోయడానికి ఇంకో అంటరాని పనివాడు రావాలి.

ఒకసారి ఆ బంతి గురించి ఆలోచించండి. తోలు బంతి. తోలు పని చేస్తారన్న కారణంతోనే కదా ఆ కులాన్ని ఊరి బయట ఉంచింది! ఆ తోలుని రోజంతా చేతుల్లో తిప్పుతారు, ఉమ్మి రాసి ప్యాంటుకి రుద్దుతారు, ఏ మైలా లేదు. ఆ బంతి వేసిన మనిషి చేతిలోని కప్పు దగ్గరకి వచ్చేసరికి మైల గుర్తొస్తుంది. గీత మైదానం అంచు దగ్గర, సరిగ్గా పెవిలియన్ మెట్ల దగ్గర మొదలయ్యేది.

ప్లేగు రోజుల్లో బాలు కుటుంబం బొంబాయి వచ్చేసింది. 1906 ఫిబ్రవరిలో హిందువులు యూరోపియన్లతో ఆడినప్పుడు బాలు, తమ్ముడు శివరామ్ ఇద్దరూ జట్టులో ఉన్నారు. హిందువులు 242, 160. యూరోపియన్లు 191, 102. తేడా 109 పరుగులు. అంతకుముందు ఏడాదే జపాన్ రష్యాని ఓడించింది, బెంగాల్లో స్వదేశీ ఉద్యమం ఊపు మీద ఉంది, అలాంటి సమయంలో తెల్లవాళ్ళ మీద గెలుపంటే ఒట్టి ఆట గెలుపు కాదు. ఆ గెలుపు ‘హిందువుల’ ఖాతాలో పడింది. కులం క్లబ్బులకి ఈ గెలుపు సాధ్యమయ్యేది కాదు, బాలు లేకుండా బ్రాహ్మణ జట్టుకీ సాధ్యమయ్యేది కాదు. ఉపన్యాసాల్లో హిందువులంతా ఒక్కటే అని చెప్పడం వేరు, ఆ మాట మీద నిలబడి పదకొండు మందిని ఎంపిక చేయడం వేరు. రెండోది చేస్తే గానీ మొదటిదానిలో ఎంత ఖాళీ ఉందో బయటపడలేదు.

1911లో పాటియాలా మహారాజు భూపిందర్ సింగ్ కెప్టెన్‌గా మొదటి ‘ఆల్ ఇండియా’ జట్టు ఇంగ్లండ్ వెళ్ళింది. జట్టు కూర్పు కూడా మత కోటాల లెక్కే: ఆరుగురు పార్సీలు, ఐదుగురు హిందువులు, ముగ్గురు ముస్లింలు, వీళ్ళ మీద సిక్కు మహారాజు. దేశం అంటే మతాల మొత్తం అన్న లెక్క అప్పుడే ఖాయమైపోయింది. ఆ టూర్‌లో జట్టు ఎక్కువ మ్యాచ్‌లు ఓడింది, బాలు మాత్రం 114 వికెట్లు తీశాడు. తిరిగొచ్చాక సన్మానాలు జరిగాయి. కుర్రవాడైన అంబేద్కర్‌కి కూడా అప్పట్లో బాలు అంటే అభిమానం.

ఇంత చేసినా బాలుని హిందూ జట్టుకి కెప్టెన్ని చేయలేదు. ఏళ్ళ తరబడి అతనే సీనియర్, అతనే ముఖ్యమైన బౌలర్, కెప్టెన్సీ మాత్రం ఎప్పుడూ పై కులంవాడికే. 1920లో ఇది ముదిరి తమ్ముళ్ళు విఠల్, శివరామ్ జట్టు నుంచి తప్పుకున్నారు. పత్రికల్లో గొడవైంది, సర్దుబాట్లు జరిగాయి, బాలుని వైస్ కెప్టెన్ చేశారు. 1923లో విఠల్ హిందూ జట్టు కెప్టెన్ అయ్యాడు. గుడిలోకి రానివ్వని కులం నుంచి వచ్చినవాడు, ఆ గుడికి వెళ్ళే పదిమందికి ఫీల్డింగ్ ఎక్కడ నిలబడాలో చెప్పే రోజు వచ్చింది. దీన్ని విప్లవం అని పొగడాల్సిన పని లేదు, ఎందుకంటే విఠల్ టాస్ వేసిన మర్నాడు గుడి తలుపులేమీ తెరుచుకోలేదు. కానీ హిందువు అనే మాటకి అర్థం మైదానంలో మారిందన్నది మాత్రం నిజం, ఆ మార్పు పెద్దమనుషుల మంచితనంతో రాలేదు, గెలవాలంటే వీళ్ళు కావాల్సి వచ్చింది కాబట్టి వచ్చింది.

ఈ కథకి ఒక చేదు కొస ఉంది. 1937 ఎన్నికల్లో బొంబాయిలో అంబేద్కర్ మీద కాంగ్రెస్ నిలబెట్టిన అభ్యర్థి బాలూయే. సుమారు 2,000 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. హిందూ జట్టులో చోటు సంపాదించుకోవడానికి జీవితమంతా బౌలింగ్ వేసిన మనిషి ఒకవైపు, ఆ జట్టే వద్దు, మాది వేరే జట్టు అన్న మనిషి ఇంకోవైపు. ఇద్దరి అనుభవం ఒకటే, నిర్ణయాలే వేరు. ఇందులో ఎవరు రైటని క్రికెట్ చరిత్ర చెప్పలేదు.

సి.కె. నాయుడు పేరు తెలుగువాళ్ళకి కొత్త కాదు. నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన కనకయ్య నాయుడు, 1916లో హిందువుల తరఫున యూరోపియన్ల మీద ఆడుతూ పైకి వచ్చాడు. 1926 డిసెంబరు 1న ఆర్థర్ గిలిగన్ ఇంగ్లండ్ నుంచి తెచ్చిన ఎం.సి.సి. (మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్) జట్టు మీద, హిందువుల తరఫున, రెండు గంటలైనా పట్టకుండా 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. ఎం.సి.సి. వాళ్ళు ఆయనకు వెండి బ్యాట్ బహుమతిగా ఇచ్చారు. అది జరిగింది ఎక్కడనుకున్నారు? బాంబే జింఖానా గ్రౌండ్‌లో. నాయుడుగారు సిక్సర్లు కొట్టొచ్చు, పెవిలియన్ పైకి బంతి పంపించొచ్చు, ఆ పెవిలియన్‌లో సభ్యుడిగా కూర్చోవడానికి మాత్రం వీల్లేదు. 1932లో లార్డ్స్‌లో భారత్ మొదటి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే. ఇంటి భాష తెలుగు, పుట్టింది మరాఠీ హిందీ కలిసే ఊళ్ళో, ఉద్యోగం ఇండోర్ హోల్కర్ సంస్థానంలో, పేరొచ్చింది హిందూ జట్టుతో, కెప్టెన్సీ దేశానికి. ఆయన ‘ఎవరి మనిషి’ అంటే జవాబు ఏ స్కోరుకార్డు చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ మత టోర్నమెంటు మీద మొదటి నుంచీ రెండు వాదనలున్నాయి. అనుకూలంగా మాట్లాడేవాళ్ళు చెప్పేది కొట్టిపారేసేది కాదు: ఆటగాళ్ళ మధ్య స్నేహాలున్నాయి, మంచి షాట్ ఎవరు కొట్టినా చప్పట్లు పడేవి, ఊళ్ళో గొడవలున్న రోజుల్లో కూడా గ్రౌండ్‌లో జనం పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. కానీ దేశం బయట ఎటు పోతోందో చూస్తే ఆ చప్పట్లు సరిపోవనిపిస్తుంది. 1937లో కొత్తగా కట్టిన బ్రాబోర్న్ స్టేడియంలో తమకిచ్చిన సీట్లు తక్కువని హిందూ జింఖానా ఆ ఏడాది ఆడనే లేదు. సీట్ల వాటా, స్థానాల వాటా, ఈ భాష అప్పటి శాసనసభల భాష కూడా. 1940 డిసెంబరులో హిందూ జింఖానా పెద్దలు వార్ధా వెళ్ళి గాంధీని సలహా అడిగితే ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు: కాలేజీల మధ్య, సంస్థల మధ్య పోటీలు అర్థమవుతాయి గానీ హిందూ, పార్సీ, ముస్లిం జట్లు ఎందుకో తనకి ఎన్నడూ అర్థం కాలేదని.

గాంధీ చెప్పాక కూడా టోర్నమెంట్ ఆగలేదు. రంజీ ట్రోఫీ 1934లోనే మొదలైంది, ప్రాంతాల వారీ జట్లతో, దానికి జనం పలచగా వచ్చేవాళ్ళు. పెంటాంగ్యులర్‌కి స్టేడియం నిండేది. 1944 ఫైనల్లో ముస్లింలు హిందువులని ఒక్క వికెట్ తేడాతో ఓడించారు, కె.సి. ఇబ్రహీం సెంచరీ కొట్టి చివరిదాకా నాటౌట్‌గా నిలబడ్డాడు. ఒక్క వికెట్! అలాంటి టెన్షన్ మ్యాచ్ వదులుకుని బొంబాయి, బరోడా ఆడుతుంటే చూడటానికి ఎవరొస్తారు? మతం పేరు మీద వద్దని మనసుకి తెలుసు, అయినా కాళ్ళు అటే లాక్కెళ్ళేవి. 1946లో టోర్నమెంట్ మూసేశారు. మరుసటి ఏడాదే దేశం రెండైంది. ఒకదాని వల్ల ఒకటి జరిగిందని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు, ఆ రెండింటికీ లెక్క నేర్పిన పలక మాత్రం ఒకటే.

కలకత్తాలో ఇదే కథ ఫుట్‌బాల్‌తో జరిగింది, కాస్త వేరే దారిలో. 1911 జులై 29న మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించింది, జట్టులో దాదాపు అందరూ వట్టి కాళ్ళతో. అప్పుడు అది అందరి గెలుపు. 1934 నుంచి 1938 దాకా మహమ్మదన్ స్పోర్టింగ్ వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగ్ గెలిచింది. లీగ్ గెలిచిన మొదటి భారతీయ క్లబ్ అదే. కానీ ఆ గెలుపుని అందరిదీ అనుకోవడం ఈసారి జరగలేదు. పాతికేళ్ళలో కలకత్తా మారిపోయింది.

ఈస్ట్ బెంగాల్ క్లబ్ కథ ఇంకా తమాషా. 1920లో ఒక మ్యాచ్‌కి తూర్పు బెంగాల్ ఆటగాడిని పక్కన పెట్టారన్న కోపంతో పుట్టిన క్లబ్ అది. 1947 తర్వాత లక్షలమంది శరణార్థులు ఇల్లూ పొలం వదిలేసి కలకత్తా చేరాక, వాళ్ళ పాత ఊళ్ళు ఇంకో దేశంలో ఉండిపోయాక, ఆ ఊళ్ళ పేరు మిగిలింది ఆ క్లబ్బు బోర్డు మీదే. క్లబ్ గెలిస్తే ఇళ్ళలో పులస చేప వండుకుంటారు, మన గోదావరి పులస చుట్టమే, వాళ్ళు ఇలిష్ అంటారు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఇంతకీ 1949 నుంచి ఈస్ట్ బెంగాల్‌ని గెలుపుల బాట పట్టించిన ‘పంచపాండవులు’ ఎవరు? వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాదివాళ్ళు. ఆ తర్వాత సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరామ్ వెళ్ళి అక్కడ దేవుడైపోయాడు, జీవితాంతం బెంగాల్లోనే ఉండిపోయాడు. ఊరు పోగొట్టుకున్న బెంగాలీల గుర్తింపుని మోసింది బెంగాలీ రానివాళ్ళ కాళ్ళు. అభిమానులకి ఇందులో ఏ ఇబ్బందీ కనబడలేదు. జెర్సీ రంగు సరిగ్గా ఉంటే చాలు, లోపలి మనిషి మనవాడే.

ఈ అభిమానం ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుందని కాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు క్లబ్బుల మ్యాచ్‌లో గొడవై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఇంటి నుంచి ఆట చూడ్డానికి వెళ్ళినవాళ్ళు.

హైదరాబాద్‌లో చూస్తే వేరే బొమ్మ. 1948 పోలీస్ చర్య తర్వాత నగరంలో హిందూ ముస్లిం సంబంధాలు బాగా దెబ్బతిన్న సమయంలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ ఎస్.ఎ. రహీం, 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కి బంగారు పతకాలు తెచ్చిపెట్టినవాడు. ఆ జట్టు పేరులో మతం లేదు, కులం లేదు, ఒక డిపార్ట్‌మెంట్ పేరుంది. గాంధీ చెప్పిన ‘సంస్థల మధ్య పోటీ’ అంటే ఇదే. అందులో రొమాన్స్ తక్కువ, నిజమే. పోలీసు శాఖ పేరు చెప్పుకుని ఎవరు కన్నీళ్ళు పెట్టుకుంటారు? కానీ నగరం మొత్తం చెప్పుకోగలిగిన జట్టు అది.

మతం జట్లు పోయాక రంజీలో ప్రాంతాల జట్లు మిగిలాయి. ఇక్కడ మన సొంత కథ ఒకటుంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. హైదరాబాద్ మొదటి నుంచీ రంజీలో ఉంది, 1937-38లో ట్రోఫీ గెలిచింది కూడా, ఫైనల్లో ఒక్క వికెట్ తేడాతో. ఆ మ్యాచ్ గెలిపించింది ఎడ్డీ ఐబరా అనే పార్సీ, 137 నాటౌట్. బొంబాయిలో అయితే పార్సీ జట్టుకి ఆడాల్సిన మనిషి, ఇక్కడ హైదరాబాదీ. కోస్తా, రాయలసీమ మద్రాసులో భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1953-54 సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. మొదటి కెప్టెన్‌గా ఎవరిని పిలిచారంటే సి.కె. నాయుడుని. అప్పటికి ఆయన వయసు 58. పుట్టింది నాగపూర్‌లో, ఆడింది బొంబాయిలో, ఇండోర్‌లో. కొత్త రాష్ట్రానికి కొత్త జట్టు కావాలి, జట్టుకి ఒక పెద్ద పేరు కావాలి, తెలుగువాడై ఉండాలి. హిందూ జట్టు నుంచి మొదలుపెట్టి ముప్పై ఏడేళ్ళ తర్వాత ఆయన ఒక భాష జట్టుకి కెప్టెన్ అయ్యాడు.

1956లో రెండు ప్రాంతాలూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. రాజధాని ఒకటి, అసెంబ్లీ ఒకటి, పాఠ్యపుస్తకం ఒకటి. రంజీలో మాత్రం హైదరాబాద్, ఆంధ్ర రెండు జట్లుగానే ఉండిపోయాయి. అసోసియేషన్లు వేరు, ఓట్లు వేరు, ఎవరూ తమది వదులుకోరు కదా. గుజరాత్‌లో బరోడా, సౌరాష్ట్ర విడిగా ఉన్నట్టు, మహారాష్ట్రలో ముంబై, విదర్భ విడిగా ఉన్నట్టు. యాభై ఎనిమిదేళ్ళు ఒకే రాష్ట్రంలో ఉంటూ రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడుకున్నాయి, దాని గురించి ధర్నాలు జరగలేదు, ఎడిటోరియల్స్ రాలేదు. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆఫీసులు, ఫైళ్ళు, నీళ్ళు, ఉద్యోగులు అన్నీ పంచుకోవాల్సి వచ్చింది. రంజీ జట్లని పంచుకోవాల్సిన పని రాలేదు. ఒక్క పేచీ మిగిలింది, జట్టు పేరు తెలంగాణ కాదు, ఇప్పటికీ హైదరాబాదే, జిల్లాల నుంచి వచ్చే కుర్రాళ్ళు ఆ పేరు చూసి మాకు చోటెక్కడ అని అడుగుతూనే ఉన్నారు.